టెంకాయ నిలబడితే నీళ్లున్నట్టేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బోర్ల గురించే. అందుకే మొదటి జవాబు పొడవైంది. తక్కినవి రాళ్ల గురించి, ఒకటి గాదంకి రాడార్ గురించి.

ప్రశ్న: మాది పలమనేరు పక్కన పల్లె. రెండు బోర్లు వేసినాం, రెండూ ఎండిపోయినాయి. ఇప్పుడు టెంకాయతో చూసే పెద్దాయన ఒకరు వచ్చి పాయింటు పెట్టి పోయినారు. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న టెంకాయ ఆ చోటికి రాగానే నిలువుగా లేచింది, కండ్లారా చూసినా. మా అన్నేమో మిషను పెట్టిద్దామంటాడు. ఎవరి మాట వినాల?
– ఒక రైతు

జవాబు: మీరు చూసింది నిజమే, టెంకాయ లేచింది. ఆ పెద్దాయన మోసం చేస్తున్నారనీ అనుకోనక్కర్లేదు. అయితే దాన్ని లేపింది భూమిలోని నీళ్లా, చేతి కండరాలా అన్నది తేలాలి. అరచేతిలో అడ్డంగా ఉన్న టెంకాయకు నిలకడ తక్కువ, మణికట్టు కాస్త వంగితే చాలు పైకి లేస్తుంది. పంగల కర్ర సంగతీ అంతే. రెండు కొసలనూ బయటికి వంచి పట్టుకుంటే అది బిగుతుగా ఉంటుంది, పిడికిలి వెంట్రుకవాసి తిరిగినా గిర్రున కిందికి వాలుతుంది. పట్టుకున్న మనిషికి తానే కదిలించానని తెలియదు. మనసులో ఉన్న ఊహ తెలియకుండానే కండరాన్ని కదిలిస్తుందని విలియం కార్పెంటర్ 1852లోనే చెప్పి, ఆ చర్యకు ఐడియోమోటర్ అని పేరు పెట్టారు.

దీన్ని అందరికన్నా గట్టిగా పరీక్షించింది జర్మన్లు. 1987, 88లలో మ్యూనిక్ దగ్గర ఒక రెండంతస్తుల కొట్టంలో, కింది అంతస్తులో నీటి పైపు ఉన్న బండిని 10 మీటర్ల గీత మీద లాటరీ పద్ధతిలో ఎక్కడో ఒకచోట నిలిపేవారు. పై అంతస్తులో కర్ర పట్టుకున్న మనిషి అది ఎక్కడుందో చెప్పాలి. సుమారు 500 మందిని వడకట్టి 43 మందిని తీసుకున్నారు, 843 సార్లు పరీక్షించారు. కొందరికి ఆ శక్తి ఉందని పరిశోధకులు ప్రకటించారు కూడా. 1999లో జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త అవే అంకెలను మళ్లీ లెక్కవేశారు. ఆ కొట్టంలో కదలకుండా కూర్చుని ప్రతిసారీ "సరిగ్గా మధ్యలో ఉంది" అని చెప్పే మనిషి కన్నా, అందరిలోకీ మేటి అనిపించుకున్నాయన సగటున 4 మిల్లీమీటర్లు మాత్రమే దగ్గరగా చెప్పగలిగాడని తేలింది. 10 మీటర్లలో 4 మిల్లీమీటర్లు!

మీ ఊళ్లోనే పరీక్ష చేయొచ్చు. మూతలున్న, లోపల కనబడని ఒకే రకం డ్రమ్ములు పది తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, తక్కినవాటిలో అంతే బరువు ఇసుక. ఏ డ్రమ్ములో నీళ్లుండాలో చీటీ తీసి తేల్చండి. పెట్టిన మనిషి ఆ చోటు విడిచి పోవాలి, పక్కనుండి రాసుకునే మనిషికి జవాబు తెలియకూడదు. ఈ రెండింటిలో ఒకటి తప్పినా పరీక్ష చెడినట్టే, ఎందుకంటే తెలిసినవాళ్ల ముఖం చూసి ఎదుటివాళ్లు కనిపెట్టేస్తారు. డ్రమ్ము ఈడ్చిన గుర్తులు, కింద తడి మిగలకుండా చూడండి. అసలు పరీక్షకు ముందు, నీళ్లు ఎక్కడున్నాయో పెద్దాయనకు చెప్పి, టెంకాయ లేస్తోందా, ఆయనకు ఈ ఏర్పాటు సమ్మతమేనా అని అడగండి. లేకపోతే తర్వాత "పారే నీళ్లకే లేస్తుంది, డ్రమ్ము నీళ్లకు కాదు" అంటారు. పారే నీళ్లే కావాలంటే డ్రమ్ములు తీసేసి, వరుసగా పూడ్చిన పైపుల్లో ఒకదాంట్లో నీళ్లు పారించండి. ఇలా 20 సార్లు. గుడ్డిగా చెప్పినా సగటున 2 సరిపోతాయి. 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ గుడ్డిగా సరిపోయే అవకాశం నూటికి ఒకటే, కాబట్టి 6 గానీ అంతకు మించి గానీ సరిపోతే మాకు మళ్లీ రాయండి.

మరి ఇన్నాళ్లూ టెంకాయ పాయింట్లలో నీళ్లు ఎలా పడ్డాయి? చిత్తూరు జిల్లాలో చాలాభాగం కింద గ్రానైట్, నైస్ వంటి గట్టి రాళ్లు. వాటి పైపొర కుళ్లి, మెత్తబడి ఉంటుంది, అందులో నీళ్లు చాలాచోట్ల దొరుకుతాయి. కింద గట్టిరాతిలో నీళ్లుండేది నెర్రెల్లో మాత్రమే. అనుభవమున్న మనిషి పల్లం, చెరువు కింది భాగం, పచ్చగా నిలిచిన చెట్టు, పుట్ట చూసే నడుస్తాడు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో నీటి జాడలకంటూ ఒక అధ్యాయమే రాశాడు, అందులో చెట్లూ పుట్టలూ ఉన్నాయి. పెద్దాయన కంటిని నమ్మొచ్చు, టెంకాయ ఊరికే చేతిలో ఉంటుంది.

ఇక మీ అన్న చెప్పే మిషను. అది నిజంగా రెసిస్టివిటీ సర్వే (నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచేది) అయితే ఒకే గీతలో నాలుగు ఇనుప కడ్డీలు పాతుతారు. బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. 200 అడుగుల లోతు తెలియాలంటే బయటి కడ్డీల మధ్య కనీసం 600 నుంచి 800 అడుగుల తీగ పరవాలి. చేతిలో పెట్టె పట్టుకుని పొలంలో నాలుగు అడుగులు వేసి "650 అడుగుల దగ్గర మూడించుల నీళ్లు" అని చెప్పేవాళ్లు చేసేది సర్వే కాదు, ప్లాస్టిక్ టెంకాయ.

నాలుగు కడ్డీల సర్వే కూడా తప్పుతుంది. నీళ్లున్న కుళ్లు రాయి నిరోధం తక్కువ చూపిస్తుంది, జిగట బంకమట్టీ తక్కువే చూపిస్తుంది. ముళ్లకంచె, పూడ్చిన పైపు, పాత బోరు కేసింగ్ దగ్గరుంటే రీడింగు చెడుతుంది. నేల మరీ ఎండి ఉంటే కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోయాలి. అన్నిటికన్నా ముఖ్యం, 800 అడుగుల లోతున ఉన్న జానెడు నెర్రె దానికి కనబడదు. కుళ్లు పొర ఎక్కడ మందంగా ఉందో, గట్టిరాతిని నిలువుగా చీల్చుకుని వచ్చిన నల్లరాతి డైకు గోడలా నీటిని ఎక్కడ ఆపుతోందో చెప్పగలదు. డైకుకు ఎగువ వైపున పాయింటు దొరికితే మంచిదే. బోరు వేసేటప్పుడు ప్రతి 10 అడుగులకూ పడే పొడిని విడిగా కుప్పపోసి లోతు రాసుకోండి. ఎక్కడ రంగు మారింది, ఎక్కడ తడి తగిలింది అన్నది రేపు మోటారు ఎంత లోతున దించాలో చెబుతుంది. బండి కంప్రెసరు గాలికి ఎగజిమ్మే నీళ్లు చూసి మోటారు కొనొద్దు. నెర్రెలో నిలవున్న నీళ్లు కూడా అప్పుడే వచ్చేస్తాయి. అద్దె మోటారుతో కొన్ని గంటలు తోడి, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతోందో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవడం మరిచిపోకండి.

ప్రశ్న: జియాలజిస్టులు రాళ్లను నాకుతారట. నిజమేనా, లేక ఎగతాళా?
– డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: నిజమే. దీన్ని వివరించినందుకు యాన్ జలసీవిచ్ అనే జియాలజిస్టుకు 2023లో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. తడిసిన రాతి మీద వెలుగు చెదరదు కాబట్టి గింజలు, రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. శిలాజమైన ఎముకలో సన్నని రంధ్రాలుంటాయి, నాలుకకు అంటుకుంటుంది, మామూలు రాయి అంటుకోదు. మట్టిరాతిని పంటి కింద పెడితే కరకరలాడేది సిల్టు (సన్నని ఒండ్రు), వెన్నలా జారేది క్లే (బంకమట్టి).

మీరు మాత్రం నాకొద్దు. సీసం, ఆర్సెనిక్, పాదరసం ఉన్న ఖనిజాలు చూడటానికి అమాయకంగానే ఉంటాయి. ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో నీళ్లు పోసుకుని, 10 రెట్లు పెద్దగా చూపే లెన్సు ఒకటి కొనుక్కుంటే చాలు. లెన్సును కంటికి ఆనించి పెట్టి రాయిని దగ్గరకు తేవాలి. చాలామంది లెన్సును రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూసి, ఏమీ కనబడలేదంటారు.

ప్రశ్న: తిరుమల ఘాట్ రోడ్డులో రాళ్ల గురించి ఒక బోర్డు ఉంది. బస్సు పోతూ ఉంటే చదవడానికి కుదరదు. అక్కడ ఏముంది?
– గృహిణి, తిరుపతి

జవాబు: అక్కడ ఉన్నది లేనిదాని గుర్తు! కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ జాతి రాయి. దాని మీద నేరుగా కూర్చున్నది కడప రాళ్ల వరుసకు చెందిన నగరి క్వార్ట్‌జైట్, ఒకప్పటి ఇసుక. రెండింటి మధ్య కాలం 50 కోట్ల ఏళ్లకు తక్కువ కాదు. ఆ కాలంలో అక్కడ ఏ పొరా మిగల్లేదు. భూమి లోతుల్లో గట్టిపడిన గ్రానైట్ పైకి తేలింది, దాని మీదున్నదంతా అరిగిపోయింది, అరిగిన నేల మీదికి నీళ్లొచ్చి ఇసుక పరిచాయి. ఈ హద్దును ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఇలాంటి హద్దుకు అర్థమేమిటో మొదట గ్రహించినవాడు జేమ్స్ హటన్. 1788లో స్కాట్లండ్‌లోని సిక్కర్ పాయింట్ దగ్గర ఆయన చూసిన హద్దు బాగా పేరుపొందింది.

ఘాట్ రోడ్డులో బండి ఆపకండి. తెల్లవారి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఊళ్లోంచే బైనాక్యులర్‌తో చూడండి. కొండ పైభాగం నిట్టనిలువు గోడ, అడ్డంగా పొరలు, ఎరుపు జీర. కింద వాలు మెత్తబడి, గుండ్రని గుండ్లు. ఆ వాలు మారే చోటికి దగ్గర్లోనే హద్దు. సరిగ్గా గీత కనబడదు, పైనుంచి రాలిన రాళ్లు దాన్ని కప్పేస్తాయి. అందుకే రోడ్డు కోసం కొండను కోసిన చోట్లకు అంత విలువ. ఇంకో ఆనవాలు గ్రానైట్‌ను నిలువుగా చీల్చుకుంటూ వచ్చిన నల్లరాతి డైకులు. అవి హద్దు దగ్గర తెగిపోతాయి, పైన క్వార్ట్‌జైట్‌లోకి పోవు. అంటే డైకులు ముందు, ఇసుక తర్వాత.

పైన శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైట్‌దే, సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. రాయి వయసును తోరణం వయసుగా చెప్పేస్తుంటారు, అది తప్పు. రాయి నూరు కోట్ల ఏళ్ల పైమాటే. కింది మెత్తని భాగాన్ని గాలీ నీళ్లూ తొలిచి తోరణంగా మార్చింది చాలా చాలా తర్వాత. శేషాచలం రక్షిత అడవి, సుత్తి ఇంట్లో వదిలి వెళ్లండి.

ప్రశ్న: కుప్పం దగ్గర మా చేనులో నల్లగా, సైజుకు మించిన బరువుతో ఒక రాయి దొరికింది. ఉల్క అయి ఉంటుందని అందరూ అంటా ఉండారు. ఎట్లా తెలుసుకునేది?
– ఐటీఐ విద్యార్థి

జవాబు: కుప్పం అంటే ముందుగా డోలరైట్‌ను అనుమానించాలి. అక్కడి క్వారీల నుంచి బ్లాక్ గ్రానైట్ పేరుతో పోయేది అదే. తేల్చడానికి వంటింటి డిజిటల్ తూకం చాలు. పొడి రాయిని తూచండి, 720 గ్రాములనుకుందాం. తర్వాత సగం నీళ్లున్న గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి, పూర్తిగా మునిగేలా నీళ్లలో వేలాడదీయండి. అడుగుకు గానీ అంచుకు గానీ తగిలితే లెక్క తప్పుతుంది. ఇప్పుడు 240 చూపిస్తే 720ని 240తో భాగించండి, సాంద్రత 3. రాతికి బుడగలు అంటుకుంటే వేలితో తుడిచేయండి.

గ్రానైట్, క్వార్ట్‌జైట్ 2.6–2.7, డోలరైట్ 3 దగ్గర, మామూలు రాతి ఉల్క 3.3 నుంచి 3.7 దాకా, మంగంపేట బెరైటీస్ 4 పైన, మాగ్నటైట్ 5 పైన, ఇనుప ఉల్క 7 పైన. తర్వాత నునుపు లేని టైలు వెనకవైపు గీయండి. నల్ల గీత పడితే మాగ్నటైట్, ఇటుక రంగయితే హెమటైట్, రెండూ ఇనుప ఖనిజాలే. ఉల్క దాదాపు గీత వేయదు. రాతి నిండా బుడగల గుంటలుంటే అది ఇనుప చిట్టెం, పాత కొలిమి చెత్త. ఉల్క అని జనం తెచ్చేవాటిలో ఇదే ఎక్కువ.

అయస్కాంతాన్ని చివరికి పెట్టుకోండి, అదీ బలమైనది వద్దు. చేతి అయస్కాంతం తగిలిస్తే ఉల్కలో కోట్ల ఏళ్లుగా నిలిచిన అయస్కాంత ముద్ర చెరిగిపోతుందని 2023లో ఒక పరిశోధన చూపించింది. ఫ్రిజ్జు అయస్కాంతాన్ని దారానికి కట్టి రాయికి తగలకుండా దగ్గరకు తెండి, అటు వాలిందా లేదా చూస్తే చాలు. అన్నీ కలిసొస్తే ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ విభాగంలో చూపించండి.

ప్రశ్న: గాదంకి రాడార్ మా ఊరికి వాన ఎప్పుడొస్తుందో చెప్తుందా?
– పాకాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ పని దానిది కాదు. గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ (మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ అనే వాతావరణ పొరలను చూసేది) 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు మైదానంలో 1024 జతల యాగీ యాంటెన్నాలు, మొదట్లో గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. మబ్బు లేని ఆకాశంలో గాలి సుడులనే అది చూస్తుంది, తన తరంగంలో సగం, అంటే సుమారు 2.8 మీటర్ల కొలత ఉన్న గజిబిజి నుంచి వచ్చే ప్రతిధ్వనిని పట్టి గాలి వేగం లెక్కకడుతుంది. వాన కోసమైతే వాతావరణ శాఖ సైట్లో చెన్నై, శ్రీహరికోట డాప్లర్ రాడార్ చిత్రాలు చూడండి. ఒక్క చిత్రం చూసి ఊరుకోకుండా వరుసగా మూడు నాలుగు చూస్తే మబ్బు ఎటు జరుగుతోందో మీకే తెలుస్తుంది.