జొన్నగిరి వజ్రాలు, స్కిన్నర్ పావురాలు

కడప

తమ్ముడూ,

నీ వ్యాసం చదివినాను. తొలకరి పడగానే తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం వంగి తిరిగేవాళ్లను బాగా పట్టుకున్నావు. వాన పైమట్టిని కడిగేస్తేనే రాళ్లు తేలతాయన్న పేరా అట్లాగే ఉంచు. చిక్కంతా రెండో పేజీలో ఉంది. ‘మన పూర్వీకులు వేటగాళ్లు, వెదుకులాట మన రక్తంలోనే ఉంది’ అని తేల్చేసినావు. మరి అదే ఊళ్లో ఉండి కూడా వజ్రాల వెంట పోకుండా శనక్కాయ విత్తుకునే రైతు పూర్వీకులు వేటాడలేదా?

1963లో జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బెర్గెన్ ఏ ప్రవర్తన గురించైనా నాలుగు ప్రశ్నలు వేరువేరుగా అడగమన్నాడు. ఇప్పుడు దాన్ని కదిలిస్తున్నదేమిటి? ఈ ప్రాణి జీవితంలో అది ఎట్లా ఏర్పడింది? బతకడానికి, పిల్లల్ని కనడానికి ఏ విధంగా పనికొచ్చింది? ఏ పూర్వజాతుల నుంచి దిగింది? నువ్వు చివరిదానికి జవాబు చెప్పి మొదటి రెండూ అయిపోయాయనుకున్నావు.

మొదటి రెంటికీ మనస్తత్వవేత్త స్కిన్నర్ దగ్గరికి పో. ఆయన ప్రయోగాల పెట్టెలో పావురం బిళ్లను పొడిచిన ప్రతిసారీ గింజ వేసి, తర్వాత ఆపేస్తే కాసేపటికే మానుకుంటుంది. ఏ పోటుకు పడుతుందో తెలియకుండా, సగటున ఇన్ని పోట్లకొకటి అని వేస్తే మాత్రం గింజలు ఆగినా చాలాసేపు వదలదు. దీన్నే చర నిష్పత్తి పునర్బలనం అంటారు. పావురం వేటాడే పక్షి కాదు, గింజలేరుకునేది. దానికీ ఈ మొండితనం ఉన్నప్పుడు నీ వేటగాళ్లతో పనేముంది?

అయితే ఇక్కడే జాగ్రత్త. పునర్బలనం అంటే తన పనికి తనకే దక్కి, ఆ పనిని పెంచే ఫలితం. చేలోకి వచ్చినవాళ్లలో చాలామందికి వజ్రం ఎన్నడూ దొరికి ఉండదు. ఎవరికో దొరికిందని విని వచ్చినవాళ్లకు స్కిన్నర్ పెట్టె నేరుగా సరిపోదు. చూసి నేర్చుకోవడం వేరే దారి. 1961లో మనస్తత్వవేత్త బందూరా చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు బోబో అనే గాలి బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. కాబట్టి ఈసారి పోయినప్పుడు ‘ఎందుకొస్తావన్నా?’ అని అడగొద్దు. అట్లా అడిగితే ఎవరైనా అప్పటికప్పుడు ఒక కారణం అల్లి చెబుతారు. మొదటిసారి ఎవరి మాట విని వచ్చినావు, ఇంతవరకు చేతికేమి దొరికింది, దొరికినాక ఏం చేసినావు, ఏమీ దొరకని రోజు ఏ పొద్దుకు ఇల్లు చేరతావు అని అడుగు. రంగురాయి దొరికి నాలుగు డబ్బులు వచ్చినవాడినీ, ఉత్త మాట మీద వచ్చినవాడినీ ఒకే పేరాలో కలపొద్దు.

పరిణామవాదాన్ని తీసేయమనడం లేదు, దాని చోటు అది కాదంటున్నాను. 1966లో గార్సియా, కోలింగ్ అనే పరిశోధకులు ఎలుకలకు తియ్యనీళ్లు పోసి, తాగేటప్పుడు వెలుగు, చప్పుడు కూడా వచ్చేట్టు చేశారు. తర్వాత జబ్బుపడిన ఎలుకలు ఆ రుచిని వదిలేశాయి. కరెంటు షాకు తగిలినవి వెలుగునూ చప్పుడునూ చూసి జంకాయి. నేర్చుకోవడం ఒకటే అయినా ఏది దేనితో సులువుగా ముడిపడాలో పుట్టుకతోనే కొంత సిద్ధమై ఉంటుంది. ప్రకృతి వరణం గురించి రాయాలంటే ఇట్లాంటి ఆధారం చూపించి రాయి.

ఇంకొక్కటి. ఋణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని రాసినావు, డీఎస్సీకి చదివేవాళ్లు కూడా చాలామంది ఇక్కడే తప్పుతారు. మాత్ర వేసుకుంటే తలనొప్పి పోయింది, మళ్లీ నొప్పి వస్తే మళ్లీ మాత్రే వేసుకుంటాం. బాధ తొలగి పని పెరిగింది కాబట్టి అది పునర్బలనం. శిక్ష పనిని తగ్గిస్తుంది.

రెండో పేజీ తిరగరాసి పంపు. మొదటి పేజీలో అక్షరం కూడా కదపొద్దు.

ఆశీస్సులతో,
మీ అన్న