గాలి ఆగిందని తలుపు తీయకండి

“36 వేల కిలోమీటర్ల పైనుంచి, అదీ రాత్రిపూట, ఉపగ్రహానికి తుపాను ఎలా కనిపిస్తుంది? టీవీలో ఎర్రగా చూపించేదంతా వానేనా?” అని ఒకరు అడిగారు.

కాదండీ. ఆ ఎరుపు మేఘం నెత్తి ఎంత చల్లగా ఉందో చెప్పే గుర్తు. ఉపగ్రహం కొలిచేది మేఘం నుంచి వచ్చే వేడిని, కాబట్టి దానికి రాత్రయినా పగలైనా ఒకటే. మేఘం ఎంత పైకి లేస్తే నెత్తి అంత చల్లన. రంగులు తర్వాత కింద మనవాళ్లు వేసుకునేవి. ఈ ఒక్క ముక్క చెప్పకుండా ఛానళ్లు ఎర్రటి చక్రం తిప్పుతూ జనాన్ని హడలగొడతాయి. టెన్షన్ మిగులుతుంది, ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను రోజు. మాది విశాఖ. ముందురోజు రాత్రి కరెంటు ఉండగానే నాన్న మన వాతావరణ ఉపగ్రహం ఇన్‌శాట్-3డి పంపే నలుపు తెలుపు ఫొటోలు వరసగా చూశారు. అరగంటకొకటి వచ్చేది. తెల్లటి సుడి నడుమ చిన్న నల్ల చుక్క. “ఇదే కన్ను, తుపాను నడుమ గాలి ఆగిపోయే చోటు. మన మీదికే వస్తోంది” అన్నారు.

మర్నాడు పొద్దున్నుంచి కిటికీలు ఊడిపోయేంత గాలి. మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. అంత హోరు తర్వాత పగిలిన ట్యాంకులోంచి నీళ్లు కారే చప్పుడు కూడా వినిపించింది. తుపాను వెళ్లిపోయిందనుకుని పక్కింటి పెదనాన్నగారు డాబా మీది రేకులు చూసుకోడానికి మెట్లెక్కుతున్నారు. నాన్న పరిగెత్తి చెయ్యి పట్టుకున్నారు. “దిగు అన్నయ్యా, మనం కన్నులో ఉన్నాం. రెండో గాలి ఇటు నుంచి వస్తుంది.” ఆయన విసుక్కుంటూనే దిగారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి గాలి అందుకుంది. రేకులన్నీ మెట్ల మీదుగానే ఎగిరిపోయాయి.

1977లో దివిసీమ ఉప్పెన నాటికి ఇలా పైనుంచి కాపలా కాసే ఉపగ్రహం మన దేశానికి లేదు. ఉండి ఉంటే ఎన్నో ఊళ్లు ముందే ఖాళీ అయ్యేవని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. అదే ఎత్తులో తిరిగే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు ‘గోస్’ ఇటు మేఘాలనీ అటు సూర్యుణ్ణీ చూస్తాయి. 2024 మేలో సూర్యుడి నుంచి దూసుకొచ్చిన సౌర తుపానుకు లద్దాఖ్ ఆకాశం ఎర్రబడింది కదా, అప్పటి సూర్యజ్వాలల ఎక్స్-కిరణాలను నిమిషం నిమిషం కొలిచినవాటిలో అవీ ఉన్నాయి. మన ఇన్‌శాట్‌లకూ ఆ కిరణాలు కొలిచే పరికరం పెట్టాలి.

ఈసారి తుపానొస్తే రంగుల బొమ్మ వదిలేసి, వాతావరణ శాఖ సైట్లో నలుపు తెలుపు బొమ్మ తెరవండి. నల్ల చుక్క మీ ఊరి మీదికొస్తుంటే, రెండో గాలి పూర్తయ్యేదాకా ఇంట్లోంచి కదలకండి.