వాటర్ స్కూటర్ ప్రశ్నలు: 90 హెచ్‌పీ బండికి 300 హెచ్‌పీ బండితో పందెమా?

ప్రశ్న: అన్నగారూ, నా దగ్గర సీడూ స్పార్క్ ఉంది, 90 హెచ్‌పీ. మా బావగారు ఈమధ్య 300 హెచ్‌పీ సూపర్‌ఛార్జర్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నింపే పరికరం) ఉన్న బండి తెచ్చుకున్నారు. "నా వెనక నురగ తప్ప నీకేం కనపడదు" అని ఇంట్లో అందరి ముందూ అంటున్నారు. వచ్చే ఆదివారం ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో తేల్చుకుందామనుకుంటున్నాం. తేడా నిజంగా అంత ఉంటుందా? నేను నెగ్గే దారేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, షోళింగనల్లూరు, చెన్నై

జవాబు: తమ్ముడూ, తిన్నగా పోయే పందెం సంగతి ముందు తేల్చేద్దాం. అందులో నువ్వు నెగ్గవు. స్పార్క్ 90 గంటకు సుమారు 80 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. మీ బావగారిది 108 దాకా పోతుంది. ఇద్దరూ పూర్తి వేగం అందుకున్నాక 400 మీటర్లు కొలిస్తే నీకు 18 సెకన్లు, ఆయనకు 13 సెకన్ల పైచిలుకు. ఆయన గీత దాటేసరికి నువ్వింకా వంద మీటర్ల వెనక ఉంటావు. నిలబడ్డ చోటి నుంచి లేస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

కానీ ఇదే లెక్కని ఇంకోవైపు నుంచి చూడు. ఆయన బండి బలం నీ దానికి మూడు రెట్ల పైన. వేగం మాత్రం మూడో వంతే ఎక్కువ. స్పార్క్‌లోనే 60 హెచ్‌పీ మోడల్ ఉంది, అది గంటకు 65 చుట్టుపక్కల పోతుంది. 60 నుంచి 300 అంటే అయిదు రెట్ల బలం, అయినా వేగం రెట్టింపు కూడా కాలేదు. నీళ్ళు అంత మొండివి. వేగం పెరిగేకొద్దీ నీరూ గాలీ కలిసి వెనక్కి లాగే జోరు అంతకంతకూ పెరుగుతుంది. ఉజ్జాయింపుగా వేగం రెట్టింపు కావాలంటే బలం ఏడెనిమిది రెట్లు కావాలి. పై అంచున పెంచే ప్రతి కిలోమీటరుకీ బోలెడు హార్స్‌పవర్ ఖర్చవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పెద్ద బళ్ళకి ఫ్యాక్టరీలోనే కళ్ళెం వేసి పంపుతారు. అమెరికాలో తయారీదార్లు కోస్ట్ గార్డ్‌తో కుదుర్చుకున్న అవగాహన ప్రకారం గంటకు 65 మైళ్ళు, అంటే మన లెక్కలో 105 కిలోమీటర్ల దగ్గర హద్దు పెట్టుకున్నారు. తర్వాత అది కాస్త అటూ ఇటూ అయింది. యమహా జీపీ1800ఆర్ 1812 సీసీ, సుమారు 250 హెచ్‌పీ. సీడూ ఆర్‌ఎక్స్‌పీ-ఎక్స్ 300 అయితే 1630 సీసీ. కవాసకి అల్ట్రా 310 అయితే 1498 సీసీ, 310 హెచ్‌పీ. బ్రోషర్లలో ఇంత తేడా ఉన్నా, పెట్టెలోంచి తీసి నీట్లో దించితే మూడూ టాప్ స్పీడ్‌లో దాదాపు ఒకేచోటికి చేరతాయి. అందుకే టాప్ స్పీడ్ ఒక్కటే చూసి పెద్ద బండి కొనేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

మరి ఆ 300 దేనికంటే పికప్‌కి. అక్కడ కూడా బరువుతో కలిపి చూడాలి. స్పార్క్ సుమారు 190 కిలోలు, నీలాంటి 75 కిలోల మనిషి ఎక్కితే 265. ఆ పెద్ద బండి మనిషితో కలిపి 440 దాకా తూగుతుంది. కిలోకి ఎంత బలం పడుతోందని పంచి చూస్తే ఆయనకు నీకంటే రెండు రెట్లే ఎక్కువ, మూడు రెట్లు కాదు. రెండు రెట్లన్నా చిన్న మాట కాదు, థ్రాటిల్ నొక్కగానే చేతులు లాగేస్తాయి. కాకపోతే చిన్న బండి మీద మన ఒంటి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. నీకంటే 20 కిలోలు తేలికైనవాడు అదే స్పార్క్ ఎక్కితే నిన్ను చులాగ్గా దాటిపోతాడు. పెద్ద బండి మీద ఆ 20 కిలోలు అంతగా తెలియవు.

ఇప్పుడు అసలు పందెం. వాటర్ స్కూటర్ పోటీలు ఎక్కువగా బోయాల (నీటి మీద తేలే గుర్తుల) చుట్టూ జరుగుతాయి. ఎర్ర బోయా అయితే ఎడమకి, పసుపు బోయా అయితే కుడికి తిరగాలి. బోయాకీ బోయాకీ మధ్య యాభై అరవై మీటర్లే ఉన్నచోట ఏ బండీ పూర్తి వేగం అందుకోదు. పాండీ బజారు పక్క సందుల్లో బుల్లెట్‌కి ఎంత బలం ఉంటే ఏం లాభం, టీవీఎస్ ఫిఫ్టీ దానికి దగ్గరగానే పోతుంది. ఇక్కడ నీకూ ఆయనకూ మధ్య దూరం బాగా తగ్గుతుంది. పెద్ద బండి మీద కొత్తవాడూ, చిన్న బండి మీద చెయ్యి తిరిగినవాడూ ఉంటే తారుమారు కూడా కావచ్చు.

మలుపు ఎలా తీయాలో చెప్తాను, ఇది జాగ్రత్తగా చదువు. ఈ బళ్ళకి చుక్కాని ఉండదు. ఇంజిన్ ఇంపెల్లర్‌ని, అంటే పంపులోని రెక్కల చక్రాన్ని, తిప్పి నీటిని వెనక్కి చిమ్ముతుంది, హ్యాండిల్ ఆ చిమ్మే మూతిని పక్కకి తిప్పుతుంది. థ్రాటిల్ పూర్తిగా వదిలేస్తే నీటి ధార ఉండదు, ధార లేకపోతే తిరగడం ఉండదు. బోయా దగ్గరికొచ్చి కొత్తవాళ్ళు భయపడి చెయ్యి తీసేస్తారు, బండి తిన్నగా పోతుంది. అలా చెయ్యకు. బోయాకి రెండు బళ్ళ దూరంలో ఉండగా వేలు కాస్త వదులు చెయ్యి, అంతే. ముక్కు కిందికి దిగి, అడుగు అంచు నీటిని పట్టుకుంటుంది. అది పట్టుకున్నట్టు మోకాళ్ళకి తెలుస్తుంది. ఆ క్షణంలోనే ఒళ్ళు లోపలికి వాల్చి, కాళ్ళతో బండిని బిగించి, మళ్ళీ నొక్కు. చూపు ఈ బోయా మీద కాదు, తర్వాతి బోయా మీద ఉండాలి. స్పార్క్ తేలిక కాబట్టి తోక జారుతుంది, ఆ జారుడుని వాడుకోవడం నేర్చుకుంటే మలుపు చిన్నదవుతుంది.

ఇదంతా నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు. మా కోవళం ఒడ్డున పొద్దున్నే నీళ్ళు కుదురుగా ఉంటాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే చిట్టి అలలు లేస్తాయి. అప్పుడు స్పార్క్ అల అల మీదా ఎగురుతుంది, పంపు గాలి మింగుతుంది, ఇంజిన్ అరుస్తుంది కానీ బండి సాగదు. అల్ట్రా లాంటి బరువైన, లోతైన వి ఆకారపు అడుగున్న బండి అలని కోసుకుంటూ పోతుంది. అలల్లో మీ బావగారితో పోటీ పెట్టుకోకు.

చివరిగా ఆదివారం సంగతి. ముట్టుకాడులో వద్దు, ఇది నా గట్టి మాట. అక్కడ టూరిజం బోట్‌హౌస్ పడవలు పిల్లాపాపలతో తిరుగుతుంటాయి, జాలర్ల వలలుంటాయి. పైగా 90కీ 300కీ కలిపి ఒకే నీట్లో పందెం పెట్టడమే తప్పు. ఆయన బండి బరువూ వేగమూ కలిపితే గుద్దినప్పుడు పడే శక్తి నీ బండి కంటే మూడింతలు. వెనక నుంచి గంటకు 108లో వచ్చేవాడికి నువ్వు మలుపులో జారిపడితే తప్పించే టైము దొరకదు. ఇలా చెయ్యండి: జనం లేని చోట, ఒడ్డున ఒకరు చూస్తుండగా రెండు బోయాలు వేసుకుని, ఒకరి తర్వాత ఒకరు స్టాప్‌వాచ్ పెట్టుకుని నడపండి. తర్వాత బళ్ళు మార్చుకుని మళ్ళీ నడపండి. నాలుగు టైములూ కాగితం మీద రాస్తే, ఎంత తేడా బండిదో ఎంత తేడా మనిషిదో ఇద్దరికీ కనపడుతుంది. నీ బండి మీద ఆయన టైము ఎంతో చూడాలని నాకూ ఉంది. రాసి పంపు.

ప్రశ్న: మా అమ్మాయికి 20 ఏళ్ళు, ఈత బాగా వచ్చు. వాటర్ స్కూటర్ పోటీలకి వెళ్తానంటోంది. నేర్పే ఆయన "పోటీకి దిగేదుంటే ఏకంగా 300 కొనెయ్యండి, చిన్న బండి దండగ" అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, పెరంబూరు, చెన్నై

జవాబు: కాదమ్మా. చిన్న బళ్ళకి పోటీల్లో తమదైన తరగతి ఉంటుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జెట్ స్కీకి (వాటర్ స్కూటర్‌కే ఇంకో పేరు) నాలుగు పతకాల పోటీలు పెట్టారు. అందులో ఒకటి రనబౌట్ 1100 స్టాక్, అంటే చిన్న ఇంజిన్‌తో, పెద్దగా మార్పులు చేయకుండా, కూర్చుని నడిపే బళ్ళకి. మిగతా మూడూ వేరే రకాలవి. 1982లో మొదలైన అంతర్జాతీయ సంఘం ఐజేఎస్‌బీఏ అమెరికాలో లేక్ హవాసూలో ఏటా జరిపే ప్రపంచ పోటీల్లో కూడా తరగతుల వారీగానే దింపుతారు. మీ అమ్మాయి 90 హెచ్‌పీ బండి మీద 300తో పోటీ పడాల్సిన పనే లేదు.

ఇలాంటి తరగతిలో అందరి బళ్ళూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి మనిషి సత్తా బయటపడుతుంది. గీత దగ్గర రబ్బరు బ్యాండు అడ్డం పట్టి, వదిలిన క్షణాన్ని బట్టి మొదటి బోయాకి ఎవరు ముందో తేలిపోతుంది. మొదట చేరినవాళ్ళకి కడిగినట్టున్న నీళ్ళు, వెనకవాళ్ళకి కళ్ళనిండా తుంపర, కింద పదిమంది చిలికిన అలలు.

చిన్న బండితో మొదలెట్టమని నేననడానికి కారణం ఇంకోటి. 90 హెచ్‌పీ మీద అమ్మాయి మొదటి నెలల్లోనే పూర్తి థ్రాటిల్‌తో మలుపు తీయడం నేర్చుకోగలదు. 300 మీద నేర్చుకునేవాళ్ళు చాలాకాలం సగం దాటి నొక్కలేరు, నొక్కకుండా నేర్చుకున్న మలుపు పోటీలో పనికిరాదు. ఖర్చు కూడా చూడండి. స్పార్క్ ట్యాంకు 30 లీటర్లు. 300 హెచ్‌పీ బండికి 70 లీటర్లు పట్టే ట్యాంకు పూర్తి థ్రాటిల్ మీద గంట కూడా నిలవదు. అదే డబ్బుకి అమ్మాయి ఎన్ని ఎక్కువ గంటలు నీటి మీద ఉంటుందో మీరే ఆలోచించండి.

బండి కంటే ముందు కొనాల్సినవి: హెల్మెట్, దెబ్బని ఆపే రేసింగ్ వెస్టు, వెట్‌సూట్ ప్యాంటు. మామూలు ఈత బట్టలతో ఎక్కనివ్వకండి. బండి వెనక పడ్డప్పుడు జెట్ ధార ఒంట్లోకి దూసుకుపోయి లోపలి అవయవాలకి ప్రమాదకరమైన గాయాలు చేస్తుంది, ప్రతి బండి మీదా ఈ హెచ్చరిక అంటించి ఉంటుంది. ఇంజిన్ ఆపే తాడు వెస్టుకి తగిలించాకే స్టార్ట్ చేయాలి. నేర్పే ఆయన ఈ మూడింటి సంగతీ తనంతట తాను ఎత్తకపోతే, వేరే మనిషిని చూసుకోండి.

ప్రశ్న: నా 90 హెచ్‌పీ బండిలో ఆర్‌పీఎం ఎప్పటికంటే పైకే పోతోంది, వేగం మాత్రం తగ్గింది. ఇంజిన్ పోయిందా?
– ఒక పాఠకుడు, నీలాంగరై, చెన్నై

జవాబు: ఇంజిన్ బాగుందనే అనుకుంటున్నాను, పంపు చూడండి. ఇంజిన్ ఆపి, తాడు తీసేసి, బండిని ఒడ్డుకి లాగి, అడుగున పంపు నీళ్ళు లాక్కునే వైపు నుంచి టార్చి వేయండి. ఇంపెల్లర్ రెక్కల చుట్టూ ఉండే గుండ్రటి వేర్ రింగ్ మీద గోరు పెట్టి నెమ్మదిగా జరపండి. నున్నగా జారితే మంచిదే. గోరు గాడిలో తట్టుకుంటే ఇసుక కోసేసిందని అర్థం. రెక్కకీ రింగుకీ మధ్య సందు పెరిగితే నీళ్ళు ఆ సందులోంచే వెనక్కి జారిపోతాయి, తోపు రాదు. ఒడ్డు పక్కన మోకాలి లోతులో స్టార్ట్ చేసే అలవాటుంటే ఇదే జరుగుతుంది. బండి కింద కనీసం 90 సెంటీమీటర్ల నీళ్ళుండాలి. రింగు మార్చడం ఇంజిన్ పనితో పోలిస్తే చిన్న ఖర్చే. మార్చేటప్పుడు ఇంపెల్లర్ అంచులు వంగాయేమో కూడా చూపించండి.

ప్రశ్న: నా 300 హెచ్‌పీ బండి మాన్యువల్‌లో 91 ఆక్టేన్ పెట్రోలు అని రాసుంది. మన దగ్గర 91 పోస్తే చాలా?
– ఒక పాఠకుడు, అడయార్, చెన్నై

జవాబు: చాలదు. ఆ 91 అమెరికా లెక్క, వాళ్ళు రెండు రకాల కొలతల సగటు తీస్తారు. మన బంకుల లెక్కలో అది 95, అంతకు కాస్త పైన. సూపర్‌ఛార్జర్ ఇంజిన్‌లో తక్కువ ఆక్టేన్ పోస్తే నాకింగ్ వస్తుంది, అంటే పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ టకటకమంటుంది. ఇంజిన్ తనని తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకుంటుంది, మీరు డబ్బిచ్చి కొన్న 300 చేతికి రాదు. ఆక్టేన్‌తో పాటు ఇథనాల్ కూడా చూడండి. ఈ బళ్ళ మాన్యువళ్ళు 10 శాతం దాటొద్దంటాయి, మన మామూలు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం కలుస్తోంది. ఇథనాల్ లేని హై ఆక్టేన్ రకం ఉందేమో బంకులో అడిగి, దొరికితే అదే పోయించండి. ఇథనాల్ తేమ లాక్కుంటుంది కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బండి షెడ్డులో పెట్టేముందు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి.