పాటల పెట్టె: నలభై లింకుల్లో ఏది వినాలి?

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. ఐటీఐ చదువుతున్నాను. హిప్‌హాప్ అంటే పిచ్చి. ఫోనేమో తిప్పి తిప్పి అదే ఐదుగురిని వినిపిస్తోంది. ‘పెద్ద కంపెనీలు వేయని మంచి అండర్‌గ్రౌండ్ పాటలుంటే చెప్పండి’ అని వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒక్క రాత్రిలో నలభై లింకులు వచ్చి పడ్డాయి. మూడు వినేసరికి తలనొప్పి. మంచివి ఎలా దొరుకుతాయి?
- గజపతి జిల్లా పాఠకుడు

జవాబు: తమ్ముడూ, నువ్వు అడిగిన తీరులోనే ఉంది తిరకాసు. చెప్పుల షాపుకెళ్లి కాలు చూపించకుండా ‘మంచి జోడు ఇవ్వండి’ అంటే వాడు మాత్రం ఏమిస్తాడు?

2006లో నేను గుణుపూర్‌లో హాస్టల్లో ఉండేవాణ్ని. దసరాకి ఇంటికి బయల్దేరుతుంటే ఒక సీనియర్ నా చేతిలో సీడీ పెట్టాడు. దాంతోపాటు సిగరెట్ పెట్టె అట్టముక్క. దాని మీద ఇలా రాశాడు: ‘రెండోది విను. మన హార్మోనియంలా ఒకటి మోగుతుంది, దాన్నే పట్టుకో. పల్లవి కోసం చూడకు, రాదు.’ చిన్న రైలు ఆపేసి బ్రాడ్‌గేజి పనులు చేస్తున్న రోజులు. బస్సు గోతిలో పడ్డప్పుడల్లా సీడీ ప్లేయర్ ఎగిరి పాట మొదటికొచ్చేది. పర్లాకిమిడి చేరేలోపు ఆ రెండు నిమిషాల పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా రామమందిరంలో భజనలకి హార్మోనియం వాయించేవాణ్నని ఆయనకి తెలుసు. అందుకే ఆ పాట ఏరాడు. అదే సీడీ మా బావకి వినిపిస్తే, ‘పాడటం ఎప్పుడు మొదలెడతాడు?’ అన్నాడు.

ఆ పాట పేరు ‘అకార్డియన్’, అంటే మెడకి తగిలించుకుని వాయించే హార్మోనియం లాంటిది. 2004లో వచ్చిన ‘మ్యాడ్‌విలనీ’ ఆల్బమ్‌లోది. ఇనుప ముసుగు వేసుకునే ఎంఎఫ్ డూమ్ ర్యాప్, మ్యాడ్‌లిబ్ బీట్లు. ఆ బీట్లలో చాలావాటిని మ్యాడ్‌లిబ్ బ్రెజిల్‌లో హోటల్ గదిలో కూర్చుని, పాత పాటల ముక్కలు పట్టి మళ్లీ మోగించే చిన్న మిషను, శాంప్లర్ మీద కట్టాడు. విడుదలకి ఏడాది ముందే డెమో బయటికి పొక్కి చేతులు మారింది. డూమ్ మళ్లీ మైకు ముందుకెళ్లి గొంతు తగ్గించి పాడాల్సి వచ్చింది. డూమ్ 2020 అక్టోబర్ 31న పోతే, లోకానికి తెలిసింది డిసెంబర్ 31న.

అక్కణ్నుంచి నేను పేర్లు పట్టుకుని వెనక్కి వెళ్లాను. డూమ్ 1999 ఆల్బమ్ వేసింది బాబిటో గార్సియా లేబుల్, అంటే ఆయన పాటల కంపెనీ. ఈ బాబిటో, డీజే స్ట్రెచ్ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి 1990 నుంచి 1998 దాకా న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ రేడియోలో అర్ధరాత్రి దాటాక షో చేసేవాళ్లు. నాస్, జే-జీ లాంటివాళ్లు ఏ కంపెనీ కాంట్రాక్టూ లేని రోజుల్లో అక్కడ మైకు పట్టుకున్నారు. నిద్రమానుకున్న కుర్రాళ్లు దాన్ని క్యాసెట్‌లో పట్టి పొద్దున్నే స్నేహితులకి ఇచ్చేవాళ్లు. మా సీనియర్ చేసిందీ ఆ పనే.

ఇప్పుడు నువ్వు మళ్లీ గ్రూపులో అడుగు. నీకు బాగా నచ్చిన ఒక్క పాట పెట్టు. అందులో ఎన్నో సెకనులో ఏ చప్పుడుకి ఒళ్లు జలదరించిందో రాయి. లింకు మాత్రమే పడేసేవాళ్లని వదిలెయ్. ఎందుకు వినాలో ఒక ముక్క రాసినవాణ్ని పట్టుకో, వాడు ఇంకేం వింటాడో అడుగు. పాటలు అమ్మే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో ఇది ఇంకా తేలిక. ఆల్బమ్ పేజీలో కొన్నవాళ్ల బొమ్మలుంటాయి, ఒకదాని మీద నొక్కితే ఆ మనిషి కొన్న మిగతావి కనిపిస్తాయి. నేను గంటలు గంటలు అలాగే పోగొట్టుకున్నాను, మా ఆవిడని అడుగు.

అన్నట్టు, అండర్‌గ్రౌండ్ కోసం న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. కలహండిలో దులే రాకర్ అనే ర్యాపర్ ఉన్నాడు. వలస కూలీల గురించి, రైతుల గురించి పాడతాడు. నీకు ఒడియా వచ్చు కాబట్టి సగం అర్థమవుతుంది. సంబల్‌పురి మాటలు తగిలితే మీ క్లాసులో బలంగీర్ వైపు కుర్రాడెవడైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకో.

నన్నూ పేర్లు అడుగుతావని తెలుసు. మళ్లీ రాసేటప్పుడు నీకు నచ్చిన పాట ఒకటి, అందులో ఏ చోట నచ్చిందో రాయి. డప్పు కొడతావో, తబలా వాయిస్తావో, ఏదీ రాదో అది కూడా రాయి. అప్పుడు ఒక్కటంటే ఒక్కటి చెప్తాను.