ఎయిర్ ఫిల్టర్ మారిస్తే మైలేజీ వస్తుందా?

బండి ఘాట్‌లో లాగడం లేదు, మైలేజీ 18 నుంచి 14కి పడింది, ఫిల్టర్ మారిస్తే రెండూ సరిపోతాయా అని అడిగారు కదా అన్నా. లాగడం వరకైతే సరిపోవచ్చు. మైలేజీ సంగతి వేరే.

మాది కడప. రోజూ ఎర్రగుంట్ల పోయి రావాలి, అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు, పొద్దున తుడిచిన బానెట్ మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. ఇంతకుముందు నాది పాత మారుతి 800, కార్బరేటర్ బండి, అంటే గాలి పీల్పుకే పెట్రోలు కలిసే రకం. ఫిల్టర్ మూసుకుంటే దానికి గాలి తగ్గేది గానీ పెట్రోలు ఆ లెక్కన తగ్గేది కాదు, లోపల పీల్పు ఎక్కువై జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) నుంచి పెట్రోలు ఇంకా లాగేది, పొగ నల్లగా వచ్చేది, ప్లగ్గు విప్పితే మసి. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, లీటర్లు కాదు, బరువే లెక్క. బాగా లాగాలంటే గాలి 12.5, 13 కిలోల దగ్గర ఉండాలి, అంటే పెట్రోలు పాలు ఎక్కువ, అందుకే ఫుల్లుగా తొక్కితే ఏ బండైనా తాగుతుంది.

ఇప్పుడు నా దగ్గరున్న ఇంజెక్షన్ బండి అట్లా కాదు. వచ్చిన గాలిని సెన్సార్‌తో చూసుకుని కంప్యూటర్ అంతకే పెట్రోలు కొడుతుంది, సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ మళ్లీ సరిచూస్తుంది. అందుకే ఫిల్టర్ మూసుకున్నా మైలేజీ పెద్దగా పడదు, గట్టిగా తొక్కినప్పుడు దమ్ము ఉండదు, అంతే. పోయిన మే నెలలో రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో నాకదే అయింది, ఎప్పుడూ మూడో గేర్లో ఎక్కే చోట రెండుకి దిగాల్సి వచ్చింది, వెనక లారీవాడు ఒకటే హారన్. పైకెక్కి కోవా అంగడి దగ్గర ఆపి ఫిల్టర్ బయటికి తీస్తే మట్టిగడ్డే. ఎండ పాపం కూడా కొంత ఉందిలెండి, 44 డిగ్రీల గాలి 20 డిగ్రీల గాలి కంటే 7 శాతం పైగా పలచన, ఆపైన ఏసీ.

కొత్త ఫిల్టర్‌తో మూడో గేర్ మళ్లీ వచ్చింది, పడిపోయిన మైలేజీ మాత్రం కదల్లేదు. ఒక షెడ్డులో ఇంజెక్టర్ల సర్వీసని 2 వేలు గుంజారు, దండగ. చివరికి స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లెక్కలు చదివే మిషను) పెట్టిస్తే ఆక్సిజన్ సెన్సార్ ముసలిదై, గాలి ఎక్కువుందని తప్పుడు కబురు చెప్తోంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు పోస్తూనే ఉంది.

కాబట్టి ముందు ఫిల్టర్ చూడండి. మైలేజీకి మాత్రం స్కానర్ పెట్టించి ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ తన మామూలు లెక్క కంటే పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, ఎంతుందో అడగండి. ప్లస్ 10 శాతం దాటి ఉంటే కంప్యూటర్ పెట్రోలు పెంచుతోందన్నమాట, పైపు చీలి ఎక్కడైనా దొంగగాలి వస్తోందా, సెన్సారే అబద్ధం చెప్తోందా తేల్చుకోవాలి. సున్నా దగ్గరే ఉంటే టైర్లలో గాలి, బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూసుకోండి.