స్క్రీన్ల మధ్య డేటా: ఐడీ ఒక్కటే పంపండి, మిగతాది డేటాబేస్‌ని అడగండి

మీ ఆండ్రాయిడ్ యాప్ గురించి మీరు అడిగినవి రెండు. లిస్ట్‌లో నొక్కిన ఐటమ్‌ని ఫోటోతో సహా ఇంటెంట్‌లో (ఇంకో స్క్రీన్‌ని తెరవడానికి పంపే సందేశం) పెట్టి వివరాల స్క్రీన్‌కి పంపితే అప్పుడప్పుడు యాప్ క్రాష్ అవుతోంది. అక్కడ ఏదైనా మార్చి వెనక్కి వస్తే లిస్ట్‌లో పాతదే కనిపిస్తోంది. రెండూ పోయే దారి ఒకటే: ఆ ఐటమ్ ఆబ్జెక్ట్ మొత్తాన్ని పంపడం మానేయండి.

మాది పలాస. ఇక్కడ ఒక జీడిపప్పు వ్యాపారికి కొనుగోళ్ల యాప్ రాసిచ్చాను. రైతుల దగ్గర 80 కిలోల బస్తాల లెక్కన కొన్న పిక్కల లాట్లు ఒక స్క్రీన్‌లో, నొక్కితే ఆ లాట్ వివరాలు, అక్కడి నుంచి తూకం సరిదిద్దే ఫారం. వీటి మధ్య వెళ్లేది లాట్ ఐడీ ఒక్కటే. గోదాములో చీటీ చేతులు మారుతుంది గానీ బస్తా కాదు కదా, అలాగ. వివరాల స్క్రీన్ ఆ ఐడీతో రూమ్ (ఫోన్‌లోనే డేటా దాచే ఆండ్రాయిడ్ లైబ్రరీ) డేటాబేస్‌ని అడుగుతుంది. లిస్ట్ కూడా అదే టేబుల్‌ని ఫ్లో (డేటా మారినప్పుడల్లా కొత్త విలువ అందించేది) ద్వారా గమనిస్తూ ఉంటుంది కాబట్టి, తూకం సేవ్ చేయగానే దానంతటదే మారిపోతుంది. వెనక్కి ఏమీ పంపక్కర్లేదు.

ఇక క్రాష్. ఇంటెంట్‌లో పెట్టినదంతా బైండర్ (ప్రాసెస్‌ల మధ్య, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల మధ్య, డేటా మోసే ఆండ్రాయిడ్ వ్యవస్థ) గుండా వెళ్తుంది. దాని బఫర్ ప్రాసెస్ మొత్తానికీ కలిపి 1 ఎంబీ. ఆ క్షణాన నడుస్తున్న లావాదేవీలన్నీ దాన్నే పంచుకుంటాయి. అందుకే ఒకసారి పనిచేసిన కోడే ఇంకోసారి ట్రాన్సాక్షన్ టూ లార్జ్ ఎక్సెప్షన్‌తో పడిపోతుంది. ఆబ్జెక్ట్‌ని పార్సెలబుల్‌కి (పంపడానికి ప్యాక్ చేసే ఆండ్రాయిడ్ పద్ధతి) మార్చినా ఆ హద్దు పెరగదు. ఫోటోని ఫైల్‌గా దాచి, డేటాబేస్‌లో దాని పాత్ మాత్రం ఉంచండి.

స్టాటిక్ వేరియబుల్‌లో (ప్రాసెస్ బతికున్నంతసేపే మెమరీలో ఉండేది) పెట్టేస్తే పోతుందిగా అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు ఆ సలహా అస్సలు నచ్చదు. మా యాప్ వాడే గుమస్తాలవి తక్కువ ర్యామ్ ఫోన్లు. కాటా చీటీ ఫోటో తీద్దామని కెమెరా తెరిస్తే చాలు, వెనక మన ప్రాసెస్‌ని ఆండ్రాయిడ్ చంపేయొచ్చు. తిరిగొచ్చేసరికి స్టాటిక్‌లో దాచింది నల్, అంటే ఖాళీ. ఇంటెంట్‌లోని ఐడీకి ఆ టెన్షన్ లేదు, దాన్ని సిస్టమ్ దాచి మళ్లీ ఇస్తుంది.

సగం నింపిన ఫారం లాంటిది, ఇంకా డేటాబేస్‌లోకి వెళ్లనిది ఉంటే, ఒకే యాక్టివిటీలోని (ఒక పూర్తి స్క్రీన్) ఫ్రాగ్మెంట్ల (అందులోని భాగాల) మధ్య షేర్డ్ వ్యూమోడల్ (స్క్రీన్ డేటాని మెమరీలో పట్టుకునేది) చాలు. కానీ వ్యూమోడల్ ఫోన్ తిప్పితే నిలుస్తుంది, ప్రాసెస్ చస్తే నిలవదు. పోకూడని చిన్న విలువల్ని సేవ్డ్ స్టేట్ హ్యాండిల్‌లో (ప్రాసెస్ చచ్చినా సిస్టమ్ దాచి ఇచ్చే చోటు) పెట్టండి.

పరీక్షించేటప్పుడు ఒకటి చూసుకోండి. డెవలపర్ ఆప్షన్స్‌లో 'డోంట్ కీప్ యాక్టివిటీస్' ఆన్ చేస్తే యాక్టివిటీలే పోతాయి, ప్రాసెస్ బతికే ఉంటుంది, స్టాటిక్ లోపం బయటపడదు. హోమ్ నొక్కి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) నుంచి 'ఏఎం కిల్' కమాండ్‌తో ప్రాసెస్‌ని చంపి, రీసెంట్స్‌లోంచి యాప్‌ని మళ్లీ తెరవండి. వివరాల స్క్రీన్ సరైన ఐటమ్‌తోనే తెరుచుకోవాలి.