‘కలిశాడట’లో ‘అట’ తీసేయాలా?

సందేహం: చైనాలో ఫోన్లు తయారుచేసే కార్మికుల బాధలపై మైక్ డెయిసీ అనే అమెరికన్ కళాకారుడు ఒక్కడే వేదికపై ఇచ్చిన ప్రదర్శన గురించి వ్యాసం రాశాను. ‘రసాయనం వల్ల చేతులు వణికే కార్మికులను షెన్‌జెన్‌లో కలిశాడట’ అనీ, ‘సుజౌలో 137 మంది జబ్బుపడ్డారట’ అనీ రాశాను. ‘అట’ పుకారు భాష, రెండుచోట్లా తీసేయమని మిత్రుడి సలహా. నిజమేనా?

సమాధానం: మొదటిచోట ఉంచండి, రెండోచోట తీసేయండి.

డెయిసీ 2010లో షెన్‌జెన్ వెళ్లిన మాట నిజం. అలాంటి కార్మికులను మాత్రం తాము కలవలేదని అతని వెంట ఉన్న దుభాషి చెప్పారు. ఆ కథనాన్ని ప్రసారం చేసిన అమెరికా రేడియో కార్యక్రమం 2012 మార్చిలో దాన్ని ఉపసంహరించుకుంది. అతను వేదికపై ఏ పాత్రా వేయలేదు. బల్ల ముందు కూర్చుని ‘నేను’ అంటూ మాట్లాడాడు. కాబట్టి జనం దాన్ని కళ్లారా చూసిన సంగతిగానే నమ్మారు. ఇప్పుడు మీరు ‘కలిశాడు’ అంటే ఆ మాటకు మీరు పూచీ పడినట్టే. ‘కలిశాడట’ అంటే విన్నమాట అని పాఠకుడికి అర్థమవుతుంది. ఇంత పని చేసే మాటను పుకారు భాష అనడం అన్యాయం.

అయితే ఎవరు చెప్పారో ‘అట’ చెప్పదు. వ్యాసంలో ‘కలిశానని డెయిసీ చెప్పాడు’ అంటే ఇంకా స్పష్టం. ‘కలిశాడని చెప్పాడు’ అనకండి, కలిసింది వేరొకరేమో అనిపిస్తుంది.

ఇక సుజౌ సంగతి. అది షెన్‌జెన్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి ఫ్యాక్టరీలో ఆపిల్ ఫోన్ల టచ్‌స్క్రీన్లు తుడవడానికి ఆల్కహాల్ కంటే త్వరగా ఆరిపోతుందని ఎన్-హెక్సేన్ అనే రసాయనం వాడారు. అది నరాలను దెబ్బతీసింది. 137 మంది అస్వస్థులయ్యారని ఆపిల్ సంస్థే 2011లో తన నివేదికలో రాసింది. ‘పెద్ద పండితుడట!’ అన్నప్పుడు వినిపించే అపనమ్మకం కూడా ‘అట’లో ఉంది. రుజువైన బాధకు దాన్ని తగిలిస్తే ఆ కార్మికులను అనుమానించినట్టవుతుంది. ఒక నటుడు కల్పించి చెప్పాడని వాళ్ల జబ్బు కల్పన అయిపోదు. ‘జబ్బుపడ్డారు’ అనే రాయండి.

అన్నట్టు, మీరు ‘కలిశాడట’ అని కలిపి రాయడం సరైనదే; ‘కలిశాడు అట’ అని విడదీయనక్కర్లేదు.